సిగ్నలుకి కులం లేదంట! మరి పేటకెందుకు ఆలస్యమైంది?

మొన్న తణుకులో ఒక సభకి వెళ్ళాను. పల్లెల్లో ఇంటర్నెట్ గురించి మాట్లాడుకునే సభ. పెద్ద చదువు చదివిన ఒకాయన మైకు పట్టుకుని ఇలా అన్నాడు: "ఇంటర్నెట్‌కి కులం లేదండీ. టవరు ఎక్కిన సిగ్నలు మేడమీదికీ వస్తుంది, పాకలోకీ వస్తుంది. ఎస్సీ పేటల్లో వాళ్ళే అందుకోలేకపోయారు. అవగాహన లేక ఇరవై ఏళ్ళు వెనకబడ్డారు."

జనం చప్పట్లు కొట్టారు. మనోళ్ళు కూడా కొట్టారు. నాకు మాత్రం చేతులు రాలేదు.

అవగాహన లేక! ఈ మాట మనకి కొత్తదా? బడికి పోకపోతే అవగాహన లేక. అప్పుల పాలైతే అవగాహన లేక. ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్తే అవగాహన లేక. మన దగ్గర లేనిదల్లా అవగాహనే అయినట్టు, భూమి ఉన్నట్టు, డబ్బు ఉన్నట్టు, రోడ్డు ఉన్నట్టు మాట్లాడతారు. తప్పు ఎప్పుడూ తీసుకోనోడిదే. ఇవ్వనోడిది కాదు, ఎక్కడ పెట్టి ఇచ్చాడో వాడిది కాదు, ఎంతకి అమ్మాడో వాడిది అసలే కాదు.

అందుకే ఈ లెక్క మనమే ఒకసారి తేల్చుకోవాలి. వైరు లేని ఇంటర్నెట్ మన డెల్టాలో అడుగుపెట్టినప్పుడు పేట ఎందుకు దూరంగా ఉండిపోయింది? ఇది పాత ముచ్చట కాదు. రేషను, పని, సర్టిఫికెట్టు అన్నీ ఫోనులోకి వెళ్ళిపోతున్న ఈ రోజుల్లో ఇది మన కూటి ముచ్చట.

చెరువు తెరిచారు, దారి తెరవలేదు

ముందు మహద్ చెరువు సంగతి గుర్తు చేసుకుందాం. 1923లో బొంబాయి శాసనమండలి ఒక తీర్మానం చేసింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే చెరువులు, బావులు, బడులు అంటరానివాళ్ళకి కూడా తెరవాలన్నది ఆ తీర్మానం. మహద్ మునిసిపాలిటీ చౌదార్ చెరువుని అందరికీ తెరిచినట్టు తీర్మానించుకుంది. కాగితం మీద అంతా అయిపోయింది. అయినా మనోడు ఒక్కడూ ఆ నీళ్ళు తాగలేకపోయాడు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకుని వెళ్ళి దోసిట పడితే తప్ప ఆ తీర్మానానికి ప్రాణం రాలేదు. తాగినందుకు దెబ్బలు కూడా తిన్నారు.

1923కీ 1927కీ మధ్య ఆ ఊరికి పోయి ఎవరైనా "వీళ్ళు చెరువు ఎందుకు వాడట్లేదు?" అని సర్వే చేశారనుకోండి. ఏం రాసుకునేవాడు? "అవగాహన లేక" అనే రాసుకునేవాడు. నీళ్ళకి కులం లేదు, నిజమే. గట్టుకి ఉంది. సిగ్నలుకి కులం లేదు, అదీ నిజమే. సిగ్నలు అందుకునే ఫోనుకి ధర ఉంది, ఆ ఫోను పెట్టిన గదికి వీధి ఉంది, ఆ తెర మీద రాసిన మాటకి భాష ఉంది. కులం దాక్కునేది అక్కడ.

కిటికీలోంచి రిసీవరు

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న మొదలైంది. సెల్ ఫోను మొదటి మాట అదే ఏడు జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్ళింది. అప్పట్లో నిమిషం మాటకి 16 రూపాయల దాకా పడేది. వచ్చిన ఫోను ఎత్తినా డబ్బులే. ఫోను ఎత్తినందుకు డబ్బు కట్టక్కర్లేదన్న పద్ధతి 2003 మే నుంచి గానీ రాలేదు.

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఉన్నవి నాలుగో అయిదో ఫోన్లు. అన్నీ ఊళ్ళోనే. పేటలో ఒక్కటీ లేదు. మా పిన్ని కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. గోదావరి రెండు వైపులా పేటల నుంచి ఎంతమంది ఆడోళ్ళు అట్టా ఎడారి దేశాలకి వెళ్ళారో మీకు నేను చెప్పక్కర్లేదు. పిన్ని ఎప్పుడైనా ఫోను చేస్తే ఊళ్ళో ఒక పెద్దింటికి చేసేది. వాళ్ళ పాలేరు వచ్చి కబురు చెప్తే అమ్మమ్మ చేలో పని వదిలేసి పరిగెత్తేది. లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. కిటికీ ఊచల్లోంచి రిసీవరు బయటికి చాపేవాళ్ళు. అమ్మమ్మ అరుగు కింద నిలబడి మాట్లాడేది. లోపల ఇంటోళ్ళంతా వింటా ఉండేవారు.

అటు పిన్ని ఏం చెప్పగలదు? యజమానురాలు కొడుతుందని చెప్పగలదా? జీతం ఇవ్వట్లేదని చెప్పగలదా? "బాగానే ఉన్నానమ్మా" అనేది. అమ్మమ్మ కూడా "మేమూ బాగానే ఉన్నామే" అనేది. ఇద్దరూ అబద్ధాలే చెప్పుకునేవాళ్ళు. ఆ అబద్ధం ఖరీదు నిమిషానికి పదుల రూపాయలు. మన పేటకి సమాచార సాధనాలంటే ఇంతే, కిటికీలోంచి చాపిన రిసీవరు.

గోడకి బిగించే పెట్టె, 501 రూపాయల ఫోను

తర్వాత వైరు లేని ఫోన్లు వచ్చాయి. మద్రాసు ఐఐటీలో ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం 'కార్‌డెక్ట్' అనే పద్ధతి తయారుచేసింది. ఊరి మధ్య టవరు, దాని చుట్టూ పది కిలోమీటర్ల మేర ఇళ్ళు, ప్రతి ఇంటికీ గోడకి బిగించే చిన్న పెట్టె. వైరు లాగే ఖర్చు లేకుండా మాటా ఇంటర్నెట్టూ రెండూ ఇవ్వొచ్చు. వేగం సెకనుకి 35 నుంచి 70 కిలోబిట్లు. ఇవాళ్టి లెక్కకి చీమ నడకే, ఆ రోజుకి గొప్పే. పల్లెని మనసులో పెట్టుకుని మన దేశంలోనే చేసిన సరుకు అది. అలాంటి తెలివిని తక్కువ చెయ్యకూడదు.

అయితే ఆ పెట్టెకి కరెంటు కావాలి. ఇంటర్నెట్ చూడాలంటే కంప్యూటరు కావాలి. పక్కా గోడ కావాలి. తాటాకు పాకకి ఏ గోడకి బిగిస్తారు? పేటలో మీటరు లేని ఇంటికి, ఒక్క బల్బుతో నడిచే ఇంటికి కంప్యూటరు ఎక్కడిది? యంత్రం చేసినోళ్ళు వైరు ఖర్చు తగ్గించారు. ఇల్లే లేనోడి ఖర్చు ఎవరు తగ్గించాలి?

2002 డిసెంబరులో రిలయన్స్ వాళ్ళ సీడీఎంఏ సెల్ వచ్చింది. 2003 జూలైలో 'మాన్సూన్ హంగామా' అని పెట్టి 501 రూపాయలు ముందు కడితే ఫోను చేతికిచ్చారు. ఆ ఫోనులోనే వార్తలు, పాటలు, ఇంటర్నెట్ చూసే ఏర్పాటు కూడా ఉంది. జనం ఎగబడ్డారు. 501 అన్నది వాకిట్లో కట్టిన తోరణం. లోపలికెళ్తే నెలనెలా కిస్తీలు, బిల్లులు. ఆ ఫోను వేరే కంపెనీకి పనికిరాదు. ఊడ్పులప్పుడు, కోతలప్పుడు నాలుగు డబ్బులు కనబడే కూలి మనిషికి నెలనెలా బిల్లు కట్టడం ఎట్టా కుదురుతుంది? జీతగాడి లెక్కతో తయారుచేసిన సరుకు అది. మన ఆదాయం నెల లెక్కన రాదు, పంట లెక్కన వస్తుంది. అందుకే మనోళ్ళు పది రూపాయల రీఛార్జి కార్డు, మిస్డ్ కాలు కనిపెట్టుకున్నారు. మిస్డ్ కాలు చూసి నవ్వారు పెద్దోళ్ళు. అది పిసినారితనం కాదు, మన బడ్జెట్టు.

ఇక ఆ ఫోన్లలో ఇంటర్నెట్ నొక్కితే ఏమయ్యేది? ఏ మీట నొక్కితే ఎంత డబ్బు పోతుందో తెలిసేది కాదు. పొరపాటున నొక్కితే బ్యాలెన్సు హరీ. అందుకే పేటలో పెద్దోళ్ళు పిల్లలకి చెప్పేవాళ్ళు: "ఆ మీట ముట్టుకోకు." ఇది అజ్ఞానమా? కాదు. చెయ్యి కాలినోడి తెలివి. ధర ముందుగా చెప్పని కొట్లో అడుగుపెట్టకూడదని పేదోడికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

భీమవరం టవర్లు ఎవరి వీధిలో చూశాయి?

మన జిల్లాలోనే ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. చాలామందికి గుర్తుండదు. 2001లో మొదలైన బైర్రాజు ఫౌండేషన్ భీమవరం చుట్టుపక్కల పల్లెలకి పొడుగాటి టవర్లు వేసి వై-ఫై సంకేతాన్నే దూరదూరాలకి పంపింది. ఆ పథకం పేరు 'అశ్విని'. దానిమీదుగా అటూ ఇటూ మనుషులు కనబడి మాట్లాడుకునే వీడియో పెట్టి, పల్లెకి దూరవిద్య, దూరవైద్యం అందించాలన్నది ఉద్దేశం. ఐఐటీ పరిశోధకులు ఈ వలని అధ్యయనం చేశారు. 2005లో కేంద్ర ప్రభుత్వం ఆ తరంగాలని లైసెన్సు లేకుండా బయట కూడా వాడుకోవచ్చని చెప్పాక ఇలాంటి పనులకి వీలు పెరిగింది. ప్రపంచంలో చాలా తక్కువ చోట్ల జరిగిన పని మన వరి చేల మీద జరిగింది. అంతకుముందే 2002 నుంచి మన పశ్చిమ గోదావరి జిల్లాలోనే పల్లెల్లో ఈ-సేవ కేంద్రాలు పెట్టి, మహిళా సంఘాల చేతికిచ్చి నడిపించారు. ఇవన్నీ మంచి పనులే. మంచిని మంచి అనడానికి మనకి మొహమాటం లేదు.

అయితే మన ప్రశ్న మనం అడగాలి. ఆ తెర ఏ గదిలో పెట్టారు? ఆ గది ఏ వీధిలో ఉంది? దాని తాళం ఎవరి మొలలో ఉంది? సాయంత్రం చేలో పని దిగి, బురద కాళ్ళతో వచ్చే మాదిగ మనిషికి, మాల మనిషికి ఆ గది తెరిచి ఉండేదా? ఇన్ని ఊళ్ళకి సిగ్నలు వేశాం, ఇంత దూరం లింకు నిలబడింది అని లెక్కలు కట్టారు. బాగుంది. పేట నుంచి ఎంతమంది ఆ కుర్చీలో కూర్చున్నారన్న లెక్క కూడా అంత శ్రద్ధగా ప్రతిచోటా కట్టాలి కదా! టవరు ఎత్తు కొలిచే టేపు ఉంది గానీ, పేటకీ తెరకీ మధ్య దూరం కొలిచే టేపు ఇంతవరకు ఎవరూ తయారుచెయ్యలేదు.

ఇంకో పాఠం కూడా ఉంది. 2009 జనవరి 7న సత్యం కంపెనీ లెక్కల మోసం బయటపడింది. ఛైర్మన్ రామలింగరాజు తానే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. ఆ కుటుంబం పెట్టిన ఫౌండేషన్ పనులు ఆ దెబ్బకి కుదించుకుపోయాయి. హైదరాబాదులో ఒక కంపెనీ కూలితే గోదావరి పల్లెలో పని ఆగిపోయింది. దాత దయ మీద నిలబడ్డ సౌకర్యం దాతతోటే పోతుంది. హక్కుగా అడిగి తెచ్చుకున్నదే మనకి మిగులుతుంది. రోడ్డు, బడి, మంచినీళ్ళు ఎట్టా అడుగుతామో ఇంటర్నెట్ కూడా అట్టా అడగాలనేది అందుకే.

గళ్ళు గళ్ళుగా తెలుగు

డబ్బు సంగతి అయింది, వీధి సంగతి అయింది. ఇక భాష. తొలి ఫోన్లన్నీ ఇంగ్లీషులోనే మాట్లాడాయి. తెలుగు పత్రికలు నెట్‌లోకి వచ్చినా ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు లేకపోతే తెర నిండా పిచ్చి గీతలు. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా తెలుగు అక్షరాలు గళ్ళు గళ్ళుగా కనబడేవి. రాజమండ్రి కుర్రాడు ఎవరో తెలుగులో కబురు పెడితే మనకి డబ్బాలు వరసగా పేర్చినట్టు ఉండేది.

అంటే ఏమిటి? ఊళ్ళో కాన్వెంటు చదువు చదివినోడికి తలుపు తెరిచే ఉంది. ప్రభుత్వ బడిలో తెలుగు చదివినోడికి తలుపు సగం మూసి ఉంది. అసలు బడికే వెళ్ళని మా అమ్మకి ఆ తలుపు గోడలాగే ఉంది. తరతరాలు అక్షరం అందకుండా చేసినోళ్ళే, అక్షరంతో నడిచే యంత్రాన్ని తెచ్చి "ఎందుకు వాడట్లేదు?" అని అడిగితే దాన్ని ఏమనాలి?

ఒక్క సంగతి గమనించండి. గొంతుతో మాట్లాడి పంపే వాయిస్ మెసేజి, బొమ్మ కనబడే వీడియో కాలు వచ్చిన రోజు మన ముసలమ్మలు కూడా ఫోను పట్టారు. మన సంస్కృతి నోటి సంస్కృతి. పాట, డప్పు, మాట. యంత్రం మన నోటి దాకా దిగొచ్చిన రోజు ఏ శిక్షణా శిబిరం లేకుండానే మనం అందుకున్నాం. కువైట్‌లో ఉన్న మా పిన్ని 'ఇమో'లో కనబడ్డప్పుడు అమ్మమ్మకి ఫోను ఎట్టా పట్టుకోవాలో ఎవరూ నేర్పలేదు. కనబడ్డ మొదటి రోజే పిన్ని చెయ్యి ఎత్తి చూపించింది. మోచేతి మీద కాలిన మచ్చ. కిటికీ ముందు పదేళ్ళు దాచిన నిజం, వైరు లేని తెర మీద ఒక్క నిమిషంలో బయటపడింది. ఆ తర్వాతే ఇంట్లో అందరూ కూర్చుని ఆమెని వెనక్కి రప్పించే పని మొదలుపెట్టారు.

చెప్పండి, అవగాహన లేనిది ఎవరికి? మన అవసరం ఏమిటో తెలియనోళ్ళకే కదా!

మనింట్లో ఫోను ఎవరి జేబులో ఉంది?

ఊరి సంగతి అడిగాం. ఇప్పుడు మన సంగతి మనం అడుక్కోవాలి. కోపం రావొచ్చు, అయినా అడగాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు నూటికి 21 మంది. మగవాళ్ళు నూటికి దాదాపు 49 మంది. సగం కన్నా తక్కువ! ఈ తేడా దొర చేశాడా? కంపెనీ చేసిందా? మనింట్లో మనం చేశాం. కొడుక్కి ఫోను, కూతురికి "నీకెందుకే?" ఆడపిల్ల చేతిలో ఫోను కనబడితే చెడిపోయిందంటారు. కూలి డబ్బు ఆమెదే, రీఛార్జి మాత్రం మొగుడి ఫోనుకి. ఆమెకి ఫోను రావాలంటే ఆయన తాగి పడుకున్నాక రావాలి.

ఊరోడు మనకి కిటికీలోంచి రిసీవరు చాపితే అవమానం అంటున్నాం. మనం మన ఆడోళ్ళకి చేస్తున్నది ఏమిటి? అదే కిటికీ, అదే ఊచలు. అంబేద్కర్ ఫొటో గోడ మీద పెట్టుకుని ఆ ఫొటో కిందే కూతురి ఫోను లాక్కుంటే జై భీమ్ అన్న మాటకి అర్థం ఉండదు.

నిన్న వద్దన్నారు, నేడు తప్పదంటున్నారు

2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక కథ తిరిగింది. నెలల తరబడి ఉచితం అన్నారు. ఒక జీబీ డేటా సగటు ధర 2014లో 269 రూపాయలు ఉండేది, 2018 నాటికి 12 రూపాయల లోపుకి పడిపోయిందని ట్రాయ్ లెక్క చెప్పింది. మన కుర్రాళ్ళూ అందుకున్నారు. మరి అప్పటిదాకా లేని అవగాహన ఆ ఒక్క ఏడాదిలో ఎక్కడి నుంచి ఊడిపడింది? ధర దిగింది, అంతే. ఇరవై ఏళ్ళు అవగాహన అవగాహన అని చెప్పిన ఉపన్యాసాలన్నీ ఒక్క ధరల పట్టీతో అబద్ధమైపోయాయి.

అయితే చౌక కలకాలం ఉండదు. కంపెనీలు తగ్గాయి, ధరలు ఎగిశాయి. 2019లో పెంచారు, 2021లో పెంచారు, 2024 జూలైలో మళ్ళీ పెంచారు. ఎర వేసినప్పుడు చేపకి గాలం కనబడదు.

ఇంకోవైపు సర్కారు కూడా ఫోను ఎక్కింది. 2015 నుంచి మన రాష్ట్రంలో రేషను దుకాణంలో వేలిముద్ర మిషను. ఆ మిషనుకి సిగ్నలు కావాలి. సిగ్నలు లేకపోతే బియ్యం లేవు. సిగ్నలు ఉంటే వేలు పడదు. నాట్లేసి, కలుపు తీసి, ఇటుకలు మోసి వేలిముద్ర అరిగిపోయింది. కష్టపడ్డందుకు శిక్ష! 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిలో రోజుకి రెండుసార్లు ఫోనులో ఫొటో తీసి పంపితేనే హాజరు అని దేశమంతా రూలు పెట్టారు. ఫొటో ఎక్కకపోతే ఆ రోజు చెమటంతా లెక్కలో లేనట్టే. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' అని 161 సేవలు వాట్సాప్‌లో పెట్టింది.

ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పితే మంచిదే. గుమాస్తా మొహం చూడకుండా కుల ధృవీకరణ పత్రం చేతికొస్తే మనకే లాభం. కాబట్టి వద్దనట్లేదు. ఒక్కటే అంటున్నాం: ఫోను కూడా ఉండొచ్చు, ఫోనే ఉండాలనకూడదు. ఒకప్పుడు పేటకి ఫోను ఇవ్వలేదు. ఇప్పుడు ఫోను లేదని పేటకి బువ్వ ఇవ్వకపోతే అన్యాయం రెండింతలైనట్టే.

గోదావరి అవతల ఆరిపోయిన తెర

2022 మే నెల మరచిపోయామా? కోనసీమ జిల్లాకి బాబాసాహెబ్ పేరు పెడతామని ప్రభుత్వం ప్రకటన ఇస్తే, మే 24న అమలాపురం తగలబడింది. దళితుడైన మంత్రి విశ్వరూప్ ఇల్లు తగలబెట్టారు. ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. ఒక్క పేరు కోసం! వాట్సాప్ గ్రూపుల్లో జనాన్ని పోగుచేశారని పోలీసులు చెప్పారు. ఆ వెంటనే ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి ఆగింది. ఇంటి నుంచి కంప్యూటరు పని చేసుకునే కుర్రాళ్ళు సిగ్నలు వెతుక్కుంటూ గోదావరి ఒడ్డుకి పోయారు.

నిప్పు పెట్టినోడి ఫోనూ ఆగింది, ఇల్లు కాలుద్దేమోనని భయపడ్డోడి ఫోనూ ఆగింది. ఇద్దరికీ సమానంగా ఆపడం సమానత్వమా? ఊళ్ళో బలగం ఉన్నోడికి ఫోను లేకపోయినా కబురు నడుస్తుంది. సందు చివర పది ఇళ్ళున్న పేటకి ఫోనే బలగం. 1985లో కారంచేడు నుంచి మనోళ్ళు ప్రాణాలు పట్టుకుని చీరాలకి నడిచి వెళ్తే గానీ లోకానికి తెలియలేదు. ఇవాళ చేతిలో తెర ఉండి కూడా అది చీకటైపోతే మళ్ళీ నడిచే పోవాలి.

2020 జనవరి 10న సుప్రీంకోర్టు అనూరాధా భాసిన్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఇంటర్నెట్ మీద మాట్లాడే స్వేచ్ఛకీ, వ్యాపారం చేసుకునే స్వేచ్ఛకీ రాజ్యాంగం 19వ అధికరణం రక్షణ ఉంది. గడువు లేకుండా ఆపకూడదు. ఆపే ఉత్తర్వుని బయటపెట్టాలి. మన సంఘాల వాళ్ళు ఈ తీర్పు కాగితం దగ్గర పెట్టుకోవాలి. ఈసారి ఎక్కడ ఆపినా "ఉత్తర్వు చూపించండి" అని కలెక్టరాఫీసులో అడగాలి.

"ఫోనొచ్చి కుర్రాళ్ళు పాడైపోయారు" అనే వాళ్ళకి

మన ఉద్యమంలోనే కొందరు పెద్దలు అంటుంటారు: "ఫోను కావాలని పోరాడాలా? అది వచ్చాకే కుర్రాళ్ళు మీటింగులకి రావట్లేదు. పందేల యాప్‌లలో డబ్బు పోగొట్టుకుంటున్నారు. లోన్ యాప్‌ల వాళ్ళు ఫొటోలు మార్చి పరువు తీస్తుంటే ఉరేసుకుంటున్నారు."

ఇది కొట్టిపారేసే మాట కాదు. 2020 డిసెంబరులో లోన్ యాప్‌ల వేధింపులకి తెలుగు నేల మీద ప్రాణాలు పోవడం, పోలీసు అరెస్టులు జరగడం చూశాం. పాత రోజుల్లో వడ్డీకిచ్చేవాడు ఇంటి ముందుకొచ్చి తిట్టేవాడు. ఇప్పుడు ఫోను పుస్తకంలో ఉన్న ప్రతి చుట్టానికీ తిట్టు పంపుతున్నాడు. ఇలాంటి మోసం జరిగితే సిగ్గుపడి కూర్చోవద్దు. 1930 నంబరుకి ఫోను చెయ్యాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు అంత నిలిచే అవకాశం ఉంది.

అయినా పెద్దలకి ఒక్క మాట. 1920 జనవరి 31న అంబేద్కర్ 'మూక్‌నాయక్' పత్రిక పెట్టినప్పుడు ఆయన చేతిలో ఉన్నదీ ఎవరో కనిపెట్టిన అచ్చు యంత్రమే. అదే యంత్రం మీద పురాణాలూ అచ్చయ్యాయి, మనల్ని తిట్టే రాతలూ అచ్చయ్యాయి. యంత్రం చెడ్డదని ఆయన వదిలెయ్యలేదు. నోరు లేనివాళ్ళకి నోరు చేశాడు. మనం వదిలేస్తే ఆ తెర పందేలకీ, లోన్ యాప్‌లకీ, కులసంఘాల గ్రూపులకీ మిగులుతుంది. మనం పట్టుకుంటే మనకి పనికొస్తుంది.

ఏం అడగాలి? ఏం చెయ్యాలి?

ఒకటి. ఫోను లేదని, సిగ్నలు లేదని, వేలిముద్ర పడలేదని ఏ మనిషికీ రేషనూ పనీ పింఛనూ ఆగకూడదు. చేత్తో రాసే పుస్తకం ప్రతిచోటా ఉండాలి. ఆపినవాడు కాగితం మీద కారణం రాసివ్వాలి.

రెండు. ప్రతి పేటలో అంబేద్కర్ భవనంలోనో సామాజిక భవనంలోనో ఇంటర్నెట్ పెట్టాలి. పంచాయతీ ఆఫీసులో ఉంది కదా అంటే కుదరదు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణి అనే పథకం ఒప్పుకుంది. దాని కింద చిన్న కిరాణా కొట్టు కూడా లైసెన్సు లేకుండా, ఫీజు లేకుండా వై-ఫై అమ్ముకోవచ్చు. మన పేటలో మనోళ్ళ కొట్టే ఆ పని ఎందుకు చెయ్యకూడదు? ఎస్సీ కార్పొరేషన్ని అడుగుదాం.

మూడు. మాట మాత్రమే కావాల్సిన ముసలోళ్ళకి డేటా అంటగట్టి డబ్బు లాగకూడదు. మాటలకి, ఎస్సెమ్మెస్‌లకి మాత్రమే వేరే రీఛార్జి ఉండాలని 2024 డిసెంబరులో ట్రాయ్ కంపెనీలకి చెప్పింది. కొట్లో కుర్రాడు చెప్పకపోతే మనమే అడగాలి: "మాటల రీఛార్జి ఉందా బాబూ?"

నాలుగు. ప్రతి ఇంట్లో ఆడమనిషి పేరున సిమ్ము, ఆమె చేతిలో ఫోను. ఇది సర్కారుని అడిగే పని కాదు. ఈ రాత్రి అన్నం తిన్నాక ఇంట్లో మొదలుపెట్టే పని.

అయిదు. టెన్త్, ఇంటరు చదివిన మన పిల్లలు వారానికి ఒక సాయంత్రం కూర్చుని పెద్దోళ్ళకి మూడు సంగతులు నేర్పాలి: రేషను, పింఛను వివరాలు ఎట్టా చూడాలి, జరిగిన అన్యాయాన్ని ఫొటో, వీడియో ఎట్టా తీసి దాచాలి, మోసగాడి ఫోను ఎట్టా గుర్తుపట్టాలి. ఈ మూడూ వస్తే పేటకి వంద బడుల చదువు వచ్చినట్టు.

తణుకు సభలో ఆ పెద్దాయనకి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను. అయ్యా, మా పేట వెనకబడలేదు. మా పేటని వెనక నిలబెట్టారు. మాకు అవగాహన ఉంది కాబట్టే ధర తెలియని మీట నొక్కలేదు. మాకు అవగాహన ఉంది కాబట్టే మా మనుషుల మొహాలు చూపించిన రోజు పరిగెత్తుకొచ్చి అందుకున్నాం. ఇక ముందు సిగ్నలు ఎంతవరకు వచ్చిందని మమ్మల్ని అడగొద్దు. పేటలో ఆఖరి ఇంట్లో, ఆఖరి ముసలమ్మ చేతిలోకి ఎప్పుడొస్తుందో మీరు చెప్పండి.

చెరువు మనది. గట్టు దాకా వచ్చాం. దోసిలి పడదాం రండి.

జై భీమ్!